షార్గకు పిడికెడు గడ్డి

షార్గ చిక్కి శల్యమైందని కొండ మీది ఆ ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. బుకోవినా కొండల్లో చలికాలం వచ్చేసరికి గుర్రాలకు ఎలుగుబంట్లకు పెరిగినట్టు బొచ్చు పెరుగుతుంది. దూరం నుంచి చూసేవాడికి ఆ బొచ్చే ఒళ్ళులా కనిపిస్తుంది. పక్కింటి పింటిలీ రోజూ ట్రాక్టరు మీద దాని యజమాని ఆర్తెనీ ఇంటి ముందు నుంచే పోయేవాడు. కొట్టం తలుపు సందులోంచి ఆ పసుపుపచ్చ ఆడగుర్రం తల కనబడేది. "బాగానే ఉంది. ఇల్లాలు పోయిన దిగులు దానిక్కూడా ఉంటుంది కదా, తల వేలాడేసుకుని నిలబడింది" అని ఇంట్లో చెప్పేవాడు.

మార్చిలో మంచు కరిగి దారి తెరుచుకోగానే సావెటా వచ్చింది. పోయిన ఇల్లాలు ప్రొఫీరా ఆమెకు సొంత అక్క. అక్క పోయి ఆర్నెల్లయింది. తీపి గోధుమలు వండి, చర్చిలో దీపం పెట్టించి, పదిమందికీ పంచి వెళ్దామని లోయలోని తన ఊరి నుంచి సంచీ భుజాన వేసుకుని ఎక్కివచ్చింది. సావెటా కన్నెపిల్లగా ఉన్నప్పటి నుంచి పింఛను వచ్చేదాకా సర్కారు గుర్రాల ఫారంలో పనిచేసింది. మొగుడు పోయాక ఒక్కతే ఉంటోంది. ఏ ఇంటికి వెళ్ళినా ముందు కొట్టంలోకి తొంగిచూసి ఆ తరవాతే ఇంట్లోకి వెళ్ళడం ఆమె అలవాటు.

ఆరోజూ అలాగే వెళ్ళింది. షార్గ చెవులు కదిపిందే గాని తల ఎత్తలేదు. సావెటా చేతి తొడుగు తీసి బొచ్చులోకి వేళ్ళు పోనిచ్చింది. పక్కటెముకలు ఒక్కొక్కటీ విడివిడిగా చేతికి తగిలాయి. వెన్ను మీద చెయ్యి వేస్తే ఇంటి కప్పు కొనలా గరుకుగా, కోసుగా ఉంది. తోక మొదట రెండు పక్కలా గుంటలు పడ్డాయి. గాడిలో ఉన్న గడ్డి నల్లగా బూజుపట్టి ఉంది. తొట్టిలో నీళ్ళ మీద అరచేతి మందాన మంచు పేరుకుంది. సావెటా అక్కడున్న పార కామతో మంచు పగలగొట్టింది. షార్గ మూతి పెట్టి నెమ్మదిగా తాగింది. కాసేపు తాగాక సావెటా మెల్లగా దాని తల పక్కకు తిప్పి, ఆగి, మళ్ళీ తాగనిచ్చింది.

ఇంట్లో పొయ్యి చల్లగా ఉంది. ఆర్తెనీ బూట్లతో, కోటుతో మంచం మీద పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు ఒంటిచేత్తో దుంగను దొర్లించిన మనిషి. ఇప్పుడు ఆ కోటులో ఇంకొకడు పట్టేంత ఖాళీ ఉంది.

"బావా, గుర్రానికి ఏం పెడుతున్నావు?" అంది సావెటా, పలకరింపులేమీ లేకుండా.

"గడ్డి."

"ఆ బూజుపట్టిన దాన్ని గడ్డి అంటారా? ముట్టుకుంటే నాకే దగ్గొచ్చింది."

"కోతల రోజుల్లో మీ అక్క మంచాన ఉంది. కోసింది కోసినట్టే వానకు తడిసింది. నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు ఆర్తెనీ గోడవైపు తిరిగి. "తీసుకుపో దాన్ని. ఎవరికన్నా ఇచ్చెయ్."

"నడవగలిగితే ఈపాటికి తీసుకుపోయేదాన్నే. కొండ దిగేలోపు మోకాళ్ళ మీద పడుతుంది. అందుకని నేనే ఇక్కడ ఉంటున్నాను."

"ఎన్నాళ్ళు?"

"అది ఒళ్ళు చేసేదాకా. నువ్వు లేచి పొయ్యి వెలిగించు. నేను ఫోన్ చెయ్యాలి."

కింద పట్నంలో కోరిన అనే పశువుల డాక్టరు ఉంది. చిన్న వయసే గాని చెయ్యి మంచిదని ఆ చుట్టుపక్కల పేరు. సావెటా ఫోన్లో గుర్రం సంగతంతా చెప్పి, "రేపే పురుగుల మందు పట్టించేస్తాను డాక్టరమ్మా, ఆ తరవాత మేత మొదలుపెడతాను" అంది.

"వద్దు పిన్నిగారూ, మందు ఇప్పుడే వద్దు" అంది కోరిన. "ఇంత నీరసంగా ఉన్నప్పుడు కడుపులో పురుగులన్నీ ఒక్కసారి చస్తే పేగులు ఆ దెబ్బకు తట్టుకోలేవు. ముందు మేతకు అలవాటు పడనివ్వండి. దారి బాగుపడగానే నేనొచ్చి లద్దె పరీక్ష చేసి, ఎప్పుడు ఇవ్వాలో చెప్తాను."

"మా ఫారంలో ముందు మందే పట్టేవాళ్ళం."

"అక్కడివి ఇంతలా ఎండిపోయిన గుర్రాలు కావు కదా."

సావెటా ఒక్క క్షణం ఆలోచించింది. "అదీ నిజమే. సరే, ఆగుతాను. మేత సంగతి మాత్రం నాకొదిలెయ్."

"అది మీకు నేను చెప్పక్కర్లేదు. దాణా మాత్రం..."

"గింజ కూడా పెట్టను" అంది సావెటా.

మర్నాడు పింటిలీ ట్రాక్టరు కట్టుకుని లోయలోకి వెళ్ళి, సావెటా సొంత కొట్టంలోంచి మంచి లూసర్న్ గడ్డి కట్టలు తెచ్చాడు. ఆకుపచ్చదనం ఇంకా పోని, కమ్మని వాసన వేసే గడ్డి. సావెటా కట్ట విప్పి ఒక పిడికెడు తీసి షార్గ ముందు పెట్టింది. షార్గ పెదాలు వణికాయి. అది గబగబా నమిలి, మళ్ళీ ఖాళీ గాడిలోకి మూతి పెట్టి వెతికింది. సావెటా ఇంకో పిడికెడు పెట్టి కట్టను ఎత్తి పైన పెట్టేసింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆర్తెనీకి మనసు ఆగలేదు. లోపలికి వెళ్ళి, చలికాలమంతా విప్పని బస్తాలోంచి ఒక బకెట్ ఓట్స్ తెచ్చాడు. ఆ గింజల గలగలకే షార్గ తల ఎత్తింది. సావెటా వచ్చాక అది తల ఎత్తడం అదే మొదటిసారి.

"చూడు, దానికేం కావాలో అదే చెప్తోంది" అన్నాడు ఆర్తెనీ. "చలికాలమంతా ఆకలికి మాడిన జీవానికి పిడికెడు గడ్డేనా? నీకు గుండె ఉందా అసలు?"

"నాకుంది. దానిదే ఇప్పుడు బలహీనంగా ఉంది" అంది సావెటా బకెట్ లాక్కుంటూ. "కూర్చో బావా, చెప్తాను. ఇది ఇన్నాళ్ళూ తన కండనే తాను తిని బతికింది. ఒంట్లో ఉప్పులూ సత్తువా అన్నీ అడుగంటాయి. ఇప్పుడు గింజలు పోస్తే ఒళ్ళంతా ఒక్కసారిగా వాటి మీద పడి, ఉన్న ఆ కాస్త ఉప్పునూ రక్తంలోంచి లాగేసుకుంటుంది. అప్పుడు గుండె ఆగిపోతుంది. మా ఫారంలో ఒక సంవత్సరం మంచులో చిక్కుకుని ఎండిపోయిన మగగుర్రం ఒకటి దొరికింది. మా మేనేజరు కళ్ళనీళ్ళు పెట్టుకుని గాడి నిండా దాణా పోయించాడు. తిన్నంతసేపూ బాగానే తింది. మూడోనాటికి పోయింది. ఆకలితో ఉన్నన్నాళ్ళూ బతికింది, కడుపు నిండాక చచ్చింది."

ఆర్తెనీ బకెట్ వైపు, గుర్రం వైపు చూశాడు.

"గడ్డి వేరు. అది నెమ్మదిగా అరుగుతుంది. కొంచెం కొంచెంగా, పగలూ రాత్రీ పెడుతూనే ఉండాలి. నాకు ఒక్కదానికి చేతకాదు. సగం నీ వంతు. తెల్లవారుజామున లేవాల్సింది నువ్వే" అంది.

"నాకు నిద్ర పట్టదు" అన్నాడు ఆర్తెనీ.

"మంచిదే. గుర్రానికి కావలసింది నిద్రపట్టని మనిషే."

అలా మొదలైంది. పిడికెడు గడ్డి, ఆగడం. మళ్ళీ పిడికెడు గడ్డి, ఆగడం. నాలుగు రోజులకోసారి ఆ పిడికిలి కొంచెం పెద్దదయ్యేది. గోరువెచ్చని నీళ్ళు, నాకడానికి ఉప్పుగడ్డ, కింద ఎండుగడ్డి పరుపు. పైన కప్పడానికి దుప్పటి లేకపోతే సావెటా ఊళ్ళోకి వెళ్ళి అడిగింది.

అడగడంతో కొత్త చిక్కు వచ్చిపడింది. గుర్రం సంగతి ఊరంతా తెలిసింది. తెలిసిన ప్రతివాళ్ళకీ జాలి పుట్టింది. ఒకరు మొక్కజొన్న కంకులు తెచ్చారు, ఒకరు ఆపిల్‌పళ్ళు, ఇంకొకరు నానబెట్టిన తవుడు. పరాస్కీవ అనే ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి చేతిరుమాలు విప్పి రొట్టెముక్కలు చూపించింది.

"పెద్దమ్మా, ఒక్క ముక్క కూడా వద్దు" అంది సావెటా గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"మాంసం కాదే, రొట్టే. పెద్ద ఉపవాసాల్లో పాపం నేనెందుకు చేస్తానూ?"

ట్రాక్టరు మీంచి పింటిలీ అందుకున్నాడు. "నీకు అర్థం కాలేదు పెద్దమ్మా. సావెటా అక్క గుర్రంచేత కూడా పెద్ద ఉపవాసాలు చేయిస్తోంది. ఈస్టరు దాకా దానికీ మనకీ ఒకటే మెనూ."

"నవ్వుకో. ఎవరైనా దీని నోట్లో రొట్టె పెడితే, అది చస్తే, వాళ్ళే మోసుకెళ్ళి పాతిపెట్టాలి. ముందు నీ ట్రాక్టరే వస్తుంది" అంది సావెటా. తరవాత మెత్తబడి, "పెద్దమ్మా, మీ ఇంట్లో మందపాటి ఉన్ని దుప్పట్లు ఉంటాయని మా అక్క చెప్పేది" అంది.

పరాస్కీవ మర్నాడు దుప్పటి తెచ్చింది. ఎర్రటి గళ్ళది, ఆమె పెళ్ళినాటిది. షార్గ మీద కప్పి, దాని చెవి దగ్గర వంగి ఏదో గొణుగుతూ సిలువ గుర్తు వేసింది. రొట్టెముక్కలను మాత్రం ఆర్తెనీ చేతిలో పెట్టి, "నువ్వైనా తినరా, నీకేం గుండె ఆగిపోదులే" అంది. ఆర్తెనీ అక్కడే నిలబడి తిన్నాడు.

ఊరు ఊరకనే ఉండలేదు. వయసు మళ్ళిన విధవ మరదలు, వయసు మళ్ళిన బావ, ఒకటే ఇల్లు. పింటిలీ పెళ్ళాం బావి దగ్గర అడిగేసింది: "ఏమ్మా, గుర్రం కోసమేనా?"

"కాదు, మీ ఆయన ట్రాక్టరు చప్పుడు వినడానికి" అంది సావెటా. ఆ తరవాత ఎవరూ అడగలేదు.

మొదటి వారాల్లో షార్గ కంట్లో వెలుగు వచ్చింది. లద్దె గట్టిపడింది. కోరిన చెప్పినట్టు రోజూ కాసేపు ఎండలో నెమ్మదిగా నడిపించేవారు. సావెటా ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలిచేది. కొలత కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చి, ఉన్నట్టుండి ఆగిపోయింది. మేత పెంచినా వారం పాటు అక్కడే నిలిచిపోయింది. సావెటాకు మొదటిసారి అనుమానం వేసింది. మేత మీదకన్నా ఎక్కువ తన మీదే. రాత్రి పొయ్యి ముందు కూర్చుని ఎక్కడ పొరపాటు పడ్డానా అని లెక్కలు వేసుకుంది. అంతుపట్టలేదు.

కొట్టం ఊడుస్తున్న ఆర్తెనీ ఒక ఉదయం ఏదో పట్టుకుని వచ్చాడు. నమిలి నమిలి ఉండలా చుట్టుకుపోయిన తడిగడ్డి.

"ఇది మింగట్లేదు సావెటా. గాడి కింద ఇలాంటివి బోలెడు ఉన్నాయి. నేను చెత్తనుకుని రోజూ ఊడ్చి పారేస్తున్నాను."

సావెటా ఆ ఉండను చేతిలో తిప్పి చూసింది. తనమీద తనకు కోపం, బావ మీద సంతోషం, రెండూ ఒకేసారి కలిగాయి. "పళ్ళు" అంది. "ముసలిది కాదు కదా అని నేను నోరే తెరిచి చూడలేదు. నీ చీపురు నాకన్నా నయం బావా."

దారి అప్పటికి ఆరింది. కోరిన జీపులో వచ్చింది. నోరు తెరిచి ఉంచే ఇనుప పట్టీ తగిలించి, నుదుటికి దీపం కట్టుకుని, దవడ లోపలికి చెయ్యి పోనిచ్చింది. పై దవడ పళ్ళు బయటి అంచున కత్తుల్లా పెరిగి బుగ్గను కోసేశాయి. కింద ఒక పన్ను చీలి ఉంది. కోరిన మత్తు ఇచ్చి, పొడుగాటి ఆకురాయితో అంచులన్నీ అరగదీసి, చీలిన పన్నును ఓపిగ్గా కదిలించి కదిలించి బయటకు లాగింది. షార్గ మత్తులో ఆర్తెనీ భుజం మీద తల పెట్టి నిలబడింది. అంత బరువు తలను ఆయన అరగంటకు పైగా మోశాడు, కదలకుండా.

లద్దె పరీక్షలో పురుగులు చాలానే ఉన్నాయని తేలింది. ఇప్పుడు ఇవ్వచ్చని కోరిన మందిచ్చింది. నమలడం నొప్పి పోయేదాకా చక్కెర దుంప పిప్పి బాగా నానబెట్టి పెట్టమంది. అందులో మరిగించిన అవిసె గింజలు కొంచెం, పొద్దుతిరుగుడు నూనె ఒక చెంచాతో మొదలుపెట్టమంది.

"ఇక ఒళ్ళు పట్టుకుంటుంది" అంది కోరిన.

పట్టుకుంది. ఏప్రిల్లో బొచ్చు రాలడం మొదలైంది. కొట్టమంతా పసుపు దూది పరిచినట్టయింది. రాలిన చోట కొత్త వెంట్రుకలు నున్నగా మెరిశాయి. వెన్ను మీది కోసు మెత్తబడింది. సావెటా అప్పటికి రోజుకు గుప్పెడు ఓట్స్, అదీ గడ్డి తిన్నాకే, ఇవ్వడం మొదలుపెట్టింది.

అంతా సవ్యంగా సాగుతుండగా ఈస్టరు వచ్చింది.

ఆ తెల్లవారుజామున ఊరంతా బుట్టలు పట్టుకుని చర్చి ఆవరణలో నిలబడింది. ఎర్రగుడ్లు, జున్ను, తీపి రొట్టెలు. పూజారి దీవెన నీళ్ళు చల్లగానే అందరూ ఒకరినొకరు కౌగిలించుకున్నారు. అంతలో చూస్తే ఆర్తెనీ లేడు. ముందుగానే ఇంటికి వెళ్ళి ఉంటాడనుకుంది సావెటా. ప్రొఫీరా లేని మొదటి ఈస్టరు, ఒంటరిగా ఉండాలనిపించి ఉంటుంది. పరాస్కీవను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తీరుబడిగానే వచ్చింది.

కొట్టంలో షార్గ ముందుకాలితో నేలను గీరుతోంది. మెడ తిప్పి తన పక్కలోకే చూసుకుంటోంది. చెమటకు మెడ తడిసిపోయింది. గాడి అడుగున ఓట్స్ గింజలు నాలుగు మిగిలి ఉన్నాయి. బకెట్ ఖాళీగా పక్కన ఉంది. ఆర్తెనీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"పండగ కదా అని..." అన్నాడు.

సావెటా గాడి ఖాళీ చేసింది, షార్గ నోటికి ఏమీ అందకుండా చూసింది, కోరినకు ఫోన్ చేసింది. తరవాత పలుపు తీసి ఆర్తెనీ చేతిలో పెట్టింది.

"పడుకుని దొర్లకుండా నడిపించు. మెల్లగా."

కోరిన పండగ గౌను మీదే కోటు వేసుకుని వచ్చింది. సూది మందు వేసింది, ముక్కులోంచి పొడుగాటి గొట్టం కడుపులోకి దించి లోపల ఉన్నదంతా వీలైనంత కడిగింది. నూనె పోసింది. పొట్టకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి లోపల గుడగుడలు మళ్ళీ మొదలయ్యాయి. కోరిన లేచి నడుం నిమురుకుంది.

"కడుపు గండం గడిచినట్టే. ఇక భయం డెక్కలది. ఇంత దాణా ఒక్కసారి పడితే ఆ విషం డెక్కల్లోకి దిగుతుంది. దిగిందంటే ఇది మళ్ళీ సరిగ్గా నడవదు. కాళ్ళను మంచుముద్దలా చల్లగా ఉంచాలి. రెండు మూడు రోజులు, వదలకుండా."

ఇంటి వెనక ఏరు పారుతోంది. పైన కొండల్లో కరుగుతున్న మంచంతా అందులోనే దిగుతుంది. షార్గను నడిపించుకుని వెళ్ళి మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబెట్టారు. ఎవరో ఒకరు పలుపు పట్టుకుని పక్కనే నిలబడాలి. ఆర్తెనీ పండగ ప్యాంటుతోనే దిగాడు. కాసేపటికి పళ్ళు కొట్టుకోవడం మొదలైంది. బయటకు రమ్మంటే రాలేదు.

సావెటా ఒడ్డున రాయి మీద కూర్చుంది.

"ప్రొఫీరా ప్రతి ఈస్టరుకీ దానికి బకెట్ నిండా పోసేది" అన్నాడు ఆర్తెనీ నీళ్ళలోంచి. "అది గుర్తొచ్చింది. నువ్వు చెప్పిందంతా ఆ నిమిషంలో మర్చిపోయాను. మర్చిపోలేదు. దానికి బాకీ ఉన్నాననిపించింది."

"బాకీయా?"

"జనవరిలో అది కాలితో గాడిని తన్నేది. రాత్రంతా. నాకు వినిపించేది సావెటా. దుప్పటి చెవుల మీదకి లాక్కునేవాణ్ణి. తరవాత తన్నడం మానేసింది. అమ్మయ్య, అలవాటు పడింది అనుకున్నాను."

సావెటా వంగి బూట్ల తాళ్ళు వదులు చేసుకుంది.

"నువ్వు దాని బాకీ ఒక్క బకెట్‌తో తీర్చేద్దామనుకున్నావు. అలా తీరదు బావా. రోజుకి పిడికెడు చొప్పున తీర్చుకో, చాలా రోజులు పడుతుంది. నీకు పనేముంది?" అంది. లేచి బూట్లు విప్పింది. "ఇప్పుడు పైకి రా. కాళ్ళు ఊదారంగు తిరిగాయి. నా వంతు."

ఆ పండగ ఆ ఏటి ఒడ్డునే జరిగింది. కబురు తెలిసి పింటిలీ రబ్బరు బూట్లు వేసుకుని వచ్చాడు. నీళ్ళలోకి దిగుతూ, "గుర్రానికి ఉపవాసం విప్పాల్సింది నెమ్మదిగా అని పూజారి చెప్పలేదా ఆర్తెనీ అన్నా?" అన్నాడు. ఆర్తెనీ నవ్వలేకపోయాడు గాని తల ఊపాడు. పింటిలీ పెళ్ళాం వేడి సూపు గిన్నె తెచ్చింది. పరాస్కీవ ఎర్రగుడ్లు పంచింది. ఒడ్డున మంట వేశారు. ఎవరి వంతు అయ్యాక వాళ్ళు వచ్చి కాళ్ళు కాచుకుని, గుడ్డు పగలగొట్టుకుని తిని, మళ్ళీ వంతుకు సిద్ధమయ్యేవారు. షార్గ వాళ్ళందరి మధ్యా బద్ధకంగా కళ్ళు మూసుకుని నిలబడింది. విశ్రాంతికి ఒడ్డెక్కించినప్పుడు తడి గోనెసంచుల్లో మంచు నింపి కాళ్ళకు కట్టారు. కోరిన రోజూ వచ్చి డెక్కల మీద చెయ్యి పెట్టి వేడి చూసింది. మూడోనాడు దాన్ని గట్టినేల మీద అటూ ఇటూ నడిపించింది. షార్గ ఎక్కడా కుంటలేదు.

"బతికిపోయింది. డెక్కలు మంచివి" అంది కోరిన.

ఆ రోజు నుంచి ఓట్స్ బస్తా పింటిలీ ఇంటికి చేరింది. పంపించింది సావెటా కాదు, ఆర్తెనీయే భుజాన వేసుకుని తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. మళ్ళీ పిడికెళ్ళ దగ్గర నుంచి మొదలుపెట్టారు. ఈసారి గడ్డి పెట్టడం మొత్తం ఆర్తెనీ చేతుల్లోకి వెళ్ళిపోయింది. సావెటా వంటపని చూసుకుంది. రెండు పూటలా మొక్కజొన్న సంకటి, పుల్లటి మీగడ, చారు. ఆర్తెనీ మొదట్లో సగం వదిలేసేవాడు. మే నెలకు గిన్నె తుడిచి తింటున్నాడు.

పచ్చిక వచ్చాక ఇంకో తగువు. పచ్చికలోకి ఒక్కసారిగా వదలకూడదు. మొదట కాసేపు, తరవాత గంట, తరవాత పూట. షార్గ కంచె దగ్గర నిలబడి సకిలించేది. ఆర్తెనీ ఆ సకిలింపు విని కూడా గడియ తియ్యలేదు. టైము అయ్యాకే తీశాడు.

మే చివర్లో పింటిలీ వచ్చాడు. "అన్నా, అడవిలో చిన్న దుంగలు నాలుగున్నాయి. ట్రాక్టరు పోని చోట. షార్గను ఒక్కపూట ఇస్తావా? చూడబోతే పెళ్ళికూతుర్లా ఉంది."

సావెటా నోరు తెరిచేలోపే ఆర్తెనీ అడ్డుపడ్డాడు. "ఇవ్వను. నీక్కనబడేది కొవ్వు, కండ కాదు. కండ రావాలంటే కొండ ఎక్కించి దించాలి, ఏ బరువూ లేకుండా. కోతలయ్యేదాకా మెడకు పట్టెడ తగిలించేది లేదు."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్తున్నాను."

పింటిలీ సావెటా వైపు చూశాడు. సావెటా బఠానీలు ఒలుచుకుంటూ, "నన్ను చూస్తావేం? గుర్రం ఆయనది" అంది.

జూన్ రెండో వారానికి లోయలో గడ్డి కోతకొచ్చింది. సావెటా సొంత పొలం అక్కడ ఎదురుచూస్తోంది. ఒక ఉదయం సంచీ సర్దుకుంది. కింది ఊరి బస్సు పొద్దున్నే ఒకటి, మళ్ళీ మధ్యాహ్నం ఒకటి. పొద్దుటిది పట్టుకుందామనుకుంది.

"డెక్కలు చూసి వెళ్ళు. పోయిన వారం నేనే కత్తిరించాను. సరిగ్గా కుదిరాయో లేదో" అన్నాడు ఆర్తెనీ.

"తీసుకురా మరి."

ఆర్తెనీ పలుపు పట్టుకుని పై పచ్చికలోకి వెళ్ళాడు. షార్గ ఆయన్ని చూసింది, పలుపును చూసింది, తోక ఎగరేసి అవతలి చివరికి పరిగెత్తింది. ఆయన నడిచి అక్కడికి వెళ్ళేసరికి ఇవతలికి వచ్చేసింది. సావెటా సంచీ దింపి తనూ కంచె దాటింది. ఇద్దరూ రెండువైపుల నుంచీ వచ్చారు. షార్గ వాళ్ళ మధ్యలోంచి గాలిలా దూసుకుపోయి, గుట్ట మీద ఆగి, వెనకకాళ్ళు రెండూ గాల్లోకి విసిరి, ముక్కుపుటాలు ఎగరేసి బుసకొట్టింది. ఎండలో దాని వీపు కొత్త రాగిచెంబులా మెరిసింది.

"ఒళ్ళు కొవ్వెక్కింది దీనికి" అంది సావెటా ఆయాసపడుతూ.

"నాకు చెప్పకు. తొమ్మిదేళ్ళుగా ఇది ఇంతే. ప్రొఫీరా ఒక్కదానికే దొరికేది" అన్నాడు ఆర్తెనీ. అని గడ్డిలో చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వడం సావెటా ఆ ఇంట్లో అడుగుపెట్టాక చూడలేదు. పెద్దగా, దగ్గొచ్చేదాకా నవ్వాడు. పక్కన నిలబడ్డ సావెటాకు కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియక, ఆమె కూడా అక్కడే కూర్చుంది.

కింద మలుపులో పొద్దుటి బస్సు హారన్ వినబడింది. కాసేపటికి ఆ చప్పుడు కొండ చుట్టూ తిరిగి ఆగిపోయింది.

"మధ్యాహ్నం దానికి వెళ్తాలే" అంది సావెటా. "పింటిలీని పిలువు. ముగ్గురం అయితేగాని ఇది చిక్కదు."